పాలు పొంగేలోగా

మన విశాఖలో సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమి వచ్చిందంటే కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ తిరిగొచ్చేవాళ్ళు లక్షల్లో ఉంటారు. అరవై దాటినవాళ్ళు కూడా చెప్పుల్లేకుండా నడిచేస్తారు. వాళ్ళలోనే ఒకరికి రోజూ రెండు కిలోమీటర్లు నడవమని డాక్టరు చెబితే, వారం తిరక్కుండా మానేస్తారు. దానికి మళ్ళీ తమనే తిట్టుకుంటారు, నాకు పట్టుదల లేదని. 32 కిలోమీటర్లు నడిచిన మనిషికి పట్టుదల లేదంటే ఎలా నమ్మడం?

తేడా అంతా ఏర్పాటులో ఉంది. గిరిప్రదక్షిణకి రోజు ముందే ఖరారైపోతుంది. ఎక్కడ మొదలెట్టాలో తెలుసు, దారి తెలుసు, పక్కన మనుషులుంటారు, దారి పొడుగునా మజ్జిగ ఇచ్చేవాళ్ళుంటారు. నడిచేవాడు తేల్చుకోవాల్సింది ఏమీ మిగలదు. రోజువారీ నడకకి ఇవేవీ ఉండవు. ఎప్పుడు, ఎటు, టీకి ముందా తర్వాతా, బూట్లు ఎక్కడున్నాయి... ఇవన్నీ పొద్దున్నే సగం నిద్రలో తేల్చుకోవాలి. అప్పుడు తేలేది ఒకటే, రేపు చూద్దాం అని. కాబట్టి చిన్న అలవాటుకైనా ముందు చెయ్యాల్సిన పని, ఈ ప్రశ్నలన్నీ ఒకసారి కూర్చుని తెంపేసుకోవడం.

అందులో పెద్ద ప్రశ్న 'ఎప్పుడు'. చాలామంది గడియారం చూసి టైము పెడతారు. మన ఊళ్ళో ఆ లెక్క నిలవదు. జూన్‌లో ఐదున్నర లోపే సూర్యుడు వచ్చేస్తాడు, ఆరున్నరకి ఉక్కపోత మొదలు. జనవరిలో ఆరుంబావుకి కూడా ఇంకా సూర్యుడు రాడు. ఏడాది పొడుగునా 'ఆరింటికి' అని పెట్టుకుంటే ఒక కాలంలో చెమట, ఇంకో కాలంలో చీకటి. ఇక స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు చేసేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. బి షిఫ్టు రాత్రి పదింటికి దిగి, ఇల్లు చేరి, తిని పడుకునేసరికి అర్ధరాత్రి అవుతుంది. నాలుగింటికి లేస్తేనే జీవితం బాగుపడుతుందని చెప్పే వీడియోలు వాళ్ళకి పెట్టేది నిద్రలేమి ఒక్కటే.

టైముకి బదులు, ఎలాగూ జరిగే పనికి ముడెయ్యాలి. 'ఫలానా పని అవగానే ఫలానాది చేస్తాను' అని ముందే నిర్ణయించుకున్నవాళ్ళు, ఊరికే 'చేస్తాను' అనుకున్నవాళ్ళ కంటే ఎక్కువగా చేసి చూపిస్తారని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి చెబుతూ వచ్చాడు. ముడి వేసే పనికి మూడు లక్షణాలుండాలి. రోజూ తప్పకుండా జరగాలి. ఒకే చోట జరగాలి. అది జరుగుతున్నప్పుడో, అయిన వెంటనేనో మీకు చేతులు ఖాళీగా ఉండాలి.

పాలు కాచడం ఈ మూడింటికీ సరిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన అర లీటరు పాలు మధ్య మంట మీద పొంగడానికి ఇంచుమించు ఆరేడు నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో ఎటూ కదలడానికి లేదు, కదిలితే స్టవ్ కడుక్కోవాలి. మామూలుగా ఈ ఆరు నిమిషాలూ ఫోనుకి పోతాయి. దాని బదులు స్టవ్ వెలిగించగానే ఒక గ్లాసు నీళ్ళు తాగండి. గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి మునివేళ్ళ మీద లేచి, రెండు లెక్కపెట్టి దిగండి, పదిహేనుసార్లు. తర్వాత గట్టు వదలకుండా పది సగం గుంజీళ్ళు. కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుము వెనక్కి పోవాలి, మోకాళ్ళు ముందుకి తోసుకురాకూడదు. మోకాలు పట్టేసేవాళ్ళు గుంజీళ్ళు వదిలేసి మడమలే ఇంకోసారి చేసుకోవచ్చు. ఇదంతా మూడు నాలుగు నిమిషాల పని, కళ్ళు గిన్నె మీదే ఉంటాయి. పుస్తకం చదవడం, పేపరు తిరగెయ్యడం లాంటివి ఇక్కడ పెట్టకండి. తల దించుకునే పని ఏది పెట్టినా పాలు పొయ్యి పాలే.

పొద్దున్న టీ బయట తాగేవాళ్ళు ఇంకోటి వెతుక్కోవాలి. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి బస్సులో వచ్చేవాళ్ళకి సీటు దొరకడం మంచి ముడి. టికెట్ తీసుకున్నాక ఊళ్ళో ఉన్న అమ్మకో, మాట్లాడి చాలాకాలమైన స్నేహితుడికో ఒక ఫోను. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. ఎవరికి చెయ్యాలో అప్పుడు ఆలోచిస్తే బస్సు ఎన్‌ఏడీ జంక్షన్ దాటేస్తుంది. ఆదివారమే ఐదు పేర్లు రాసి పెట్టుకుంటే సరి.

పనికిరాని ముడులు కూడా ఉంటాయి. 'ఆఫీసు నుంచి వచ్చాక' అన్నది అన్నిటికంటే అధ్వాన్నం. ఆకలి, అలసట, ఫ్యాను, సోఫా అన్నీ ఎదురుచూస్తుంటాయి. నడవాలనుంటే చెప్పులు విప్పకముందే వీధి చివరి దాకా వెళ్ళి రావాలి, విప్పాక ఎవరూ వెళ్ళరు. 'భోంచేశాక' అన్నా వదులుగానే ఉంటుంది, భోజనం ఎప్పుడు ముగిసినట్టు? 'కంచం సింకులో పెట్టగానే' అనండి, అది ఒక క్షణం. రాత్రి కంచం పెట్టగానే పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే, తిన్న తర్వాత పెరిగే షుగరు తగ్గుతుంది. 2013లో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్ళు షుగరు అంచున ఉన్న పెద్దవయసువాళ్ళ మీద చేసిన పరిశీలనలో, పూటపూటకీ తిన్నాక 15 నిమిషాలు నడవడం బాగా పనిచేసింది, ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాత. ఇప్పటికే షుగరు మందులో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు డాక్టరుకి ఒకమాట చెప్పి మొదలుపెట్టాలి.

నడక అనగానే అందరికీ బీచ్ రోడ్డే గుర్తొస్తుంది. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీవాళ్ళకి సరే. గోపాలపట్నం, మధురవాడల్లో ఉంటూ రోజూ బీచ్‌కి వెళ్తానని పెట్టుకుంటే అది నడక అలవాటు అవదు, బండి నడిపే అలవాటు అవుతుంది. రోజూ ఇంటి వీధి, ఆదివారం బీచ్. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపుతారు కాబట్టి కాళీమాత గుడి నుంచి కుర్సురా సబ్‌మెరైన్ దాకా వెళ్ళి రావడం హాయిగా ఉంటుంది, మామూలు నడకకి సుమారు అరగంట. ఇసుకలో నడవాలనుకునేవాళ్ళు తడిసి గట్టిపడిన ఇసుక మీద పది నిమిషాలతో మొదలుపెట్టాలి. పొడి ఇసుకలో మొదటిరోజే అరగంట నడిస్తే మర్నాడు పిక్కలు పట్టేస్తాయి. తీరం సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ కిందనే పడుతుంది. అందుకని వెళ్ళిన దూరమంతా అదే దారిలో వెనక్కి రావాలి, రెండో కాలికీ వంతు వస్తుంది. అలల్లోకి మాత్రం దిగొద్దు, ఆర్కే బీచ్ లోపలికి లాగే సముద్రం.

ఎంతకాలానికి అలవడుతుంది అంటే 21 రోజులని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట అది. కొత్త ముఖానికి అలవాటుపడటానికి తన రోగులకి కనీసం 21 రోజులు పట్టేదని గమనించాడు. ఆ 'కనీసం' దారిలో ఎక్కడో రాలిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన లెక్క వేరు: మధ్యస్థంగా 66 రోజులు, మనిషినీ పనినీ బట్టి 18 నుంచి 254 దాకా (12 వారాలు దాటిన అంకెలు అంచనా కట్టినవి). నీళ్ళు తాగడం లాంటివి బేగి పట్టుబడతాయి, వ్యాయామానికి ఎక్కువ పడుతుంది. అదే పరిశోధనలో నాకు అన్నిటికంటే నచ్చింది, ఒకరోజు తప్పితే పెద్దగా నష్టం లేదని తేలడం. చాలామంది అలవాటు పోగొట్టుకునేది తప్పిన రోజు కాదు, 'ఎలాగూ తప్పింది కదా' అనుకున్న రెండోరోజు.

కాబట్టి ఒకేసారి నాలుగు మొదలెట్టొద్దు. ఒకటే అలవాటు, రెండు నెలల పాటు. మొదటి నెల కొలత పెంచకండి, సరదా పుట్టినా సరే. పది గుంజీళ్ళు మూడోరోజుకి ముప్పై చేసినవాళ్ళకి, జ్వరం వచ్చి లేచిన రోజున ముప్పై కొండలా కనిపిస్తాయి. లెక్కకి ఆప్ అవసరం లేదు. వంటింట్లో తిథులూ వర్జ్యాలూ ఉన్న క్యాలెండరు ఉంటుంది కదా, పెన్నుకి దారం కట్టి మేకుకి వేలాడదియ్యండి. చేసిన రోజు గడిలో ఒక చుక్క. పెన్ను వెతుక్కోవాల్సొస్తే చుక్క పడదు.

మనసుకి సంబంధించిన అలవాట్లలో అందరూ చెప్పేది, రాత్రిపూట మంచి సంగతులు రాసుకోవడం. పనిచేస్తుంది గానీ రోజూ రాస్తే త్వరగా పాచిపోతుంది. పదోరోజుకి 'ఆరోగ్యం, కుటుంబం, దేవుడి దయ' అని ఒకే వరస. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకలో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదాంట్లో వారానికి ఒక్కసారే, ఐదు మంచి సంగతుల వరకూ రాయించారు, ఇంకో గుంపుతో చికాకులు రాయించారు. చికాకులు రాసినవాళ్ళ కంటే వీళ్ళు తమ జీవితం బాగుందని చెప్పారు. వారానికోసారి చాలు. ఆదివారం రాత్రి, ఐదు వాక్యాలు. ప్రతిదాంట్లో ఒక మనిషో వస్తువో చోటో ఉండాలి. 'సాయంత్రం బాగా గడిచింది' అని రాస్తే రెండువారాల తర్వాత అది మీకే ఏమీ చెప్పదు. 'బీచ్‌లో మురీ మిక్చర్ అబ్బాయి అడక్కుండానే ఉల్లిపాయ ఎక్కువేశాడు' అని రాస్తే ఎప్పుడు చదివినా ఆ పొట్లం చేతిలోకి వస్తుంది.

నిద్ర సంగతి ఒక్క ముక్క: ఫోను చార్జరు పడగ్గదిలోంచి తీసి హాల్లో టీవీ పక్కన పెట్టండి, పూర్ణా మార్కెట్లో ఒక టేబుల్ అలారం కొనుక్కోండి. మిగతా సలహాలన్నీ దీని తర్వాతే.

ఇక అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే నాలుగురోజులు వీధిలోకి దిగలేం. అప్పటికి వానరోజు పద్ధతి ముందే తేల్చి ఉంచుకోవాలి. అపార్ట్‌మెంట్లో ఉంటే కంచం పెట్టగానే మెట్లు, మూడు అంతస్తులు రెండుసార్లు, రెయిలింగు పట్టుకుని. గాలికి జల్లు లోపలికి కొట్టి మెట్లు తడిసి ఉంటే కారిడార్లోనే అటూ ఇటూ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి దిగడమే కష్టం, అందుకని ఎక్కడం మెట్ల మీద, దిగడం లిఫ్టులో. కరెంటు ఊగిసలాడుతుంటే ఆ పూట మెట్లూ వద్దు, లిఫ్టూ వద్దు. వంటింట్లో గట్టు పట్టుకుని పదిహేను మడమలు చేసి చుక్క పెట్టేసుకోవచ్చు.