తెర మీద తమ్ముడు

ఇవాళ తమ్ముడి వాయిదా. వాణ్ని తీసుకురారని తెలిసీ పొద్దున్నే కోర్టుకెళ్లి కూర్చున్నాను. పోలీసు కస్టడీకి ఇవ్వాలంటే మనిషిని మేజిస్ట్రేటు ఎదుట నేరుగా నిలబెట్టాలి. జుడీషియల్ రిమాండ్, అంటే జైల్లో ఉంచే గడువు, పొడిగింపు మాత్రం వీడియోలో చేయొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 187వ సెక్షన్ అదే చెబుతోందట, లాయరుగారు వివరించారు.

జైలు గదిలో కెమెరా ముందు వరస. వాడి వంతు రెండు నిమిషాలు కూడా లేదు. పేరు, తర్వాతి తేదీ, అంతే. ఏదో అనబోయాడు, లైను తెగిపోయింది. వెంట తీసుకొచ్చే ఎస్కార్టు పోలీసులు లేక వాయిదా తప్పిపోవడం కంటే ఇది మేలే, ఒప్పుకుంటాను. కానీ ఇదివరకు వ్యాన్ దిగి మెట్లెక్కేలోపు లాయరుతో నాలుగు మాటలైనా ఆడేవాడు, అమ్మ వాడి చెయ్యి పట్టుకునేది.

చిక్కాడా అని అమ్మ అడిగింది. ఆ మసక తెరలో ఏం తెలుస్తుంది? బాగానే ఉన్నాడమ్మా అన్నాను.