రాళ్ళు చదివిన మేష్టారి ఊళ్ళో

సంక్రాంతి వెళ్ళిన వారానికి శ్రీకాకుళంలో పొద్దున్నే బస్సెక్కాను. నరసన్నపేట, చల్లవానిపేట దాటాక నూర్పులైపోయిన కళ్ళాలు, గడ్డివాములు. ఆ తర్వాత వంశధార. ఒడిశా కొండల్లో పుట్టి 250 కిలోమీటర్లకు పైగా నడిచి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే ఏరు, ఈ కాలంలో ఇసుక మేటల మధ్య సన్నటి పాయగా ఉంది.

నేను వెళ్ళింది శ్రీముఖలింగానికి. ఇప్పుడిది చిన్న పల్లె. ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగ నగరం ఇదే. 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగు రాజధానిని కటకానికి తరలించాడు. గుళ్ళు మాత్రం ఏటి ఒడ్డునే ఉండిపోయాయి.

ఊళ్ళోకి వస్తూనే సోమేశ్వరాలయం ఎదురైంది. ముందు మంటపం లేదు. గర్భగుడి, దానిమీద శిఖరం, అంతే. గోడల మీది శిల్పాలను ఎండలో నిలబడి ఎంతసేపు చూశానో గుర్తులేదు. మధుకేశ్వరాలయం దగ్గర నీలం రంగు బోర్డు ఉంది. ఇది రక్షిత కట్టడమని, పాడుచేస్తే శిక్ష తప్పదని చెబుతుంది. లోపలి రాళ్ళ మీద ఏం రాసి ఉందో కూడా నాలుగు ముక్కల్లో చెబితే ఎంత బాగుండేది!

మధూకమంటే ఇప్పచెట్టు. సవర గిరిజనుల దొర ఒకడు ఇప్పపూల కోసం తగువులాడుకుంటున్న భార్యలతో విసిగి చెట్టు నరికాడట. మొద్దులో శివుడి ముఖం కనిపించిందట. ఇక్కడ అందరికీ తెలిసిన కథే అయినా, పూజారిగారు గర్భగుడి వైపు చేయి చూపిస్తూ చెబుతుంటే కొత్తగా వింటున్నట్టే ఉంది.

నేను వెతుక్కుంటూ వచ్చినవి శాసనాలు. ఒక స్తంభం మీద వరుసలు వరుసలుగా అక్షరాలున్నాయి. గుండ్రటి ఒంపులు మన తెలుగువే అనిపిస్తాయి, కూడబలుక్కుందామంటే దొరకవు. నాకు తెలిసింది ఒక్క 'శ్రీ' మాత్రమే. ఎవరో దాని పక్కనే కుంకుమబొట్టు పెట్టారు. వేలితో తడిమితే, ఉలి లోతుగా దిగిన చోట ఇంకా అంచు తగులుతోంది.

"ఏటి సూస్తన్నావు బాబూ?" అంది దీపం పెట్టడానికొచ్చిన ఒక మామ్మ.

"పాత రాతలు మామ్మా. గుళ్ళో దీపం ఆరిపోకుండా ఉండాలని అప్పట్లో మాడలనే నాణేలు ఇచ్చి, ఇలా రాయించేవారు."

ఆవిడ కాసేపు స్తంభాన్ని చూసింది. "మరైతే ఆ నూనె ఇప్పుడెవలు పోస్తన్నారు?" అంటూ తన ప్రమిదలో వత్తి సరిచేసుకుంది.

ఈ రాళ్ళను కూర్చుని చదివినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న ఆయన పుట్టిన పర్వతాలపేట ఇక్కడికి దగ్గరే. పర్లాకిమిడిలో మేష్టారుగా పనిచేస్తూ, పాత లిపిని సొంతంగా నేర్చుకున్నారు. కళింగ నగరమంటే కళింగపట్నమే అనుకునే రోజుల్లో అది ముఖలింగమని వాదించారు. వాడుక భాషకోసం ఆయన చేసిన పోరాటం అందరం చెప్పుకుంటాం, ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. నాకు మాత్రం ఆ మనిషి ఈ స్తంభాల దగ్గరే బాగా అర్థమయ్యారు. సవరల మాట నేర్చుకుని నిఘంటువు కూర్చిన ఓపిక, ఈ అరిగిన రాళ్ళను చదివిన ఓపిక ఒకటే కదా.

మర్నాడు ఏటి వెంబడే దిగువకు, శాలిహుండం వెళ్ళాను. ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో లోకానికి చూపించిందీ ఆయనే. కొండ మీద ఇటుక స్తూపాల పునాదులున్నాయి. తవ్వకాల్లో బ్రాహ్మీ అక్షరాలున్న కుండపెంకులు కూడా దొరికాయి. పైనుంచి చూస్తే వంశధార వెడల్పుగా సాగుతూ సముద్రం వైపు పోతోంది. గాలి గట్టిగా కొట్టింది. కొండ దిగాలనిపించలేదు.

ముఖలింగంలో ఆ స్తంభాన్ని ఫోటో తీసుకున్నాను. ఇంటికొచ్చాక పాత తెలుగు లిపి పట్టిక ఒకటి సంపాదించి రోజూ రాత్రి ఒక్కో అక్షరాన్నీ పోల్చుకుంటున్నాను. 'శ్రీ' తర్వాత నాలుగు దొరికాయి. అయిదోది 'వ' నో 'ప' నో ఇంకా తేలలేదు.