రాత్రి వోల్టేజ్‌ను కూడా లెక్కలోకి తీసుకుని బయాస్ సరిచేసుకున్నాను

నా గిటార్ యాంప్‌లో రెండు 6ఎల్6జీసీ పవర్ ట్యూబులు (స్పీకర్‌ను నడిపే వాల్వులు) ఉన్నాయి. కొత్త జత వేసిన తరువాత, మెల్లగా వాయించినప్పుడు ప్రతి స్వరమూ చివర్లో గరగరలాడుతూ తెగిపోసాగింది. ఇది ఫిక్స్‌డ్ బయాస్ యాంప్ కాబట్టి, ట్యూబులు మార్చినప్పుడల్లా బయాస్‌ను, అంటే ట్యూబులో కరెంటును అదుపు చేసే గ్రిడ్‌కు అందే నెగటివ్ వోల్టేజ్‌ను, సరిచూడాలి. అది మితిమీరితే ట్యూబులో కరెంటు తగ్గి, ఒక ట్యూబు పని ముగించి రెండోది అందుకునే చోట ధ్వని చెదురుతుంది. చాలకపోతే, ట్యూబులో ఎలక్ట్రాన్లు వచ్చి చేరే ప్లేటు ఎర్రగా కాలి ట్యూబు పాడవుతుంది.

మా ఇల్లు విశాఖపట్నంలో సముద్రం పక్కనున్న లాసన్స్ బే వైపు ఉంది. ఉప్పుగాలికి ఇక్కడ ఏ లోహానికైనా చిలుము పడుతుంది. గ్రిడ్ పిన్ను సరిగా ఆనకపోతే బయాస్ అందక కరెంటు అదుపు తప్పుతుంది కనుక, ముందుగా ట్యూబు సాకెట్లను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేశాను. ఒకప్పుడు వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఒకరు పక్కనే కూర్చుని, "మీటరు పెట్టేటప్పుడు రెండో చెయ్యి జేబులోనే ఉండాలి బాబూ" అని పదే పదే హెచ్చరించారు. అది చాదస్తం కాదు. స్విచ్ ఆపిన తరువాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజ్ నిలిచి ఉండవచ్చు. స్పీకర్ తగిలించకుండా యాంప్ నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదమూ ఉంది.

ప్రతి ట్యూబు క్యాథోడ్‌కూ (ఎలక్ట్రాన్లు బయలుదేరే భాగం) 1 ఓమ్ రెసిస్టర్ ఉండడంతో, దాని మీద కనిపించే ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీ ఆంపియర్‌కు సమానం. యాంప్ వేడెక్కాక చూస్తే ప్లేటు మీద 452 వోల్టులు, ఒక్కో ట్యూబులో 24 మిల్లీ ఆంపియర్లు ఉన్నాయి. రెండింటినీ గుణిస్తే 11 వాట్లకు లోపే. ఈ ట్యూబు ప్లేటు 30 వాట్ల వరకు తట్టుకుంటుంది. అందులో 70 శాతం, అంటే 21 వాట్లు, దాటకూడదని అంటారు. చాలామంది ఆ 70ని చేరుకోవలసిన గమ్యంగా భావిస్తారు. నా దృష్టిలో అది దాటకూడని గీత మాత్రమే.

బయాస్‌ను సర్దే చిన్న మరను (ప్రీసెట్‌ను) కొద్దికొద్దిగా తిప్పుతూ, కరెంటు పెరిగిన కొద్దీ ప్లేటు వోల్టేజ్ తగ్గుతుంది కాబట్టి ప్రతిసారీ రెండింటినీ కొలుస్తూ, 440 వోల్టుల దగ్గర 40 మిల్లీ ఆంపియర్లకు వచ్చాను. గరగర పోయింది. క్యాథోడ్ కొలతలో స్క్రీన్ (ట్యూబులోని మరో గ్రిడ్) కరెంటు కూడా కలిసి ఉంటుంది కనుక, ప్లేటు మీద అసలు భారం ఈ లెక్కకు వచ్చే 17.6 వాట్ల కన్నా కొంచెం తక్కువే.

అయితే ఆ కొలతలు మధ్యాహ్నం తీసినవి. నేను వాయించేది రాత్రి పొద్దుపోయాక. అప్పుడు మా ఇంట్లో కరెంటు వోల్టేజ్ పెరుగుతుంది. ఆ వేళ మళ్లీ చూస్తే 463 వోల్టులు, 43 మిల్లీ ఆంపియర్లు ఉండి, లెక్క 20 వాట్లకు చేరువైంది. మధ్యాహ్నమే 21 వాట్లకు పెట్టి ఉంటే రాత్రికి గీత దాటేది. ప్రీసెట్‌ను ఇక కదపలేదు.