రొమ్ములో చీముగడ్డ: సూది ముందు, కత్తి తర్వాత

పత్తి ఏరడానికి పొద్దున్నే చేనుకు పోయిన బాలింత రొమ్ము మధ్యాహ్నానికి రాయిలా బిగుస్తుంది. బిడ్డ ఇంట్లో, తల్లి చేన్లో. పాలు పేరుకుని లోపల వాపు మొదలవుతుంది. చనుమొన పగిలి ఉంటే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాకు దారి దొరికినట్టే. రొమ్ములో ఒక పక్క ఎర్రబడి, సలుపుతూ, చలిజ్వరం వస్తే ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు. ఈ దశలో సరైన మాత్రలు పడితే చాలామందికి తగ్గిపోతుంది. తగ్గకపోతే చీము పడుతుంది.

చీము చేరాక మాత్రలొక్కటే చాలవు, దాన్ని బయటికి తీయాల్సిందే. మన ఊళ్లలో ఇక్కడే ఆలస్యం జరుగుతుంది. ఆర్‌ఎంపీ రోజుకో ఇంజెక్షన్ ఇస్తాడు, తర్వాత మందు మారుస్తాడు. జ్వరం దిగుతుంది, సలుపు కాస్త తగ్గుతుంది, నయమైందనుకుంటారు. లోపల మాత్రం చీము చుట్టూ మందపాటి గోడ కట్టి గట్టి గడ్డ మిగులుతుంది. సర్జన్లు దీన్నే యాంటిబయోమా అంటారు. అందుకే సరైన యాంటిబయాటిక్ మొదలుపెట్టి 48 గంటలైనా తగ్గుదల లేదంటే అల్ట్రాసౌండ్ చేయించాలి. వేలితో నొక్కి చూసి ‘ఇంకా పండలేదు’ అని ఆగడం తప్పు. గడ్డ లోతుగా ఉంటే రొమ్ములో చీము కదలిక వేళ్లకు తెలియదు.

గడ్డ 5 సెంటీమీటర్ల లోపు ఉండి, పైన చర్మం బాగుంటే మొదట వాడాల్సింది సూదే. తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి, ఆ వైపు చేయి తల పైకి పెట్టించాలి. చర్మం శుభ్రం చేసి, అక్కడ తిమ్మిరెక్కించే మందు, 1 శాతం లిగ్నోకెయిన్, రెండు మూడు మిల్లీలీటర్లు ఎక్కించాలి. ఈ మందు వల్ల బిడ్డకు ఇబ్బంది లేదు. పలచబడ్డ ఎర్రటి చర్మం మీద గుచ్చకుండా, పక్కనున్న మంచి చర్మంలోంచి స్కాన్‌లో చూస్తూ 18 గేజ్ సూది పంపాలి. చీము చిక్కగా ఉంటే దానికంటే లావైన 16 గేజ్ కావాలి. సన్నసూదితో ప్రయత్నించి ‘చీము లేదు’ అని రాసేయడం మామూలుగా జరిగే పొరపాటు. 10 లేదా 20 మిల్లీలీటర్ల సిరంజితో లాగి, సెలైన్ ఎక్కించి మళ్లీ లాగుతూ, తేటగా వచ్చేదాకా కడగాలి. మొదట తీసిన చీమును కల్చర్‌కు, అంటే ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు, పంపడం మరవొద్దు. మామూలు మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకం స్టాఫిలోకాకస్ ఉంటే అందులోనే బయటపడుతుంది.

ఒక్కసారితో అయిపోతుందని ఇంటివాళ్లకు చెప్పకూడదు. రెండు మూడు రోజులకోసారి స్కాన్ చేసి, చీము ఉంటే మళ్లీ తీయాలి. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో జిల్లా దవాఖానకు ఇన్నిసార్లు రావడం కష్టమే. అందుకే ఎన్నిసార్లు రావాల్సి రావచ్చో మొదటిరోజే చెప్పాలి. చెప్పకపోతే రెండోసారికి మనిషి రాదు, గడ్డ మళ్లీ నిండుతుంది.

గడ్డ పెద్దదైనా, అరలు అరలుగా ఉన్నా చీము బయటికి కారేందుకు సన్నటి గొట్టం పెట్టొచ్చు. చర్మం పలచబడి మెరుస్తుంటే, నల్లబడితే, సూదితో మళ్లీమళ్లీ తీసినా నిండుతుంటే కోత తప్పదు. అప్పుడు కూడా సాధారణంగా చిన్న కోత చాలు, వీలైనంతవరకు చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగానికి దూరంగా. గాయంలో గాజుగుడ్డ కుక్కి బిగించొద్దు. నొప్పి, పైగా మానడం ఆలస్యం. రోజూ బెటాడిన్ గుడ్డ కూడా వద్దు, అందులోని అయోడిన్ పాలలోకి వెళ్లి బిడ్డ థైరాయిడ్‌ను ఇబ్బంది పెట్టగలదు. సెలైన్‌తో కడిగితే సరిపోతుంది. కోతలోంచి కొన్నాళ్లు పాలు కారొచ్చు. చూసి అత్తగారు భయపడతారు గానీ, చాలావరకు అదే మానుతుంది.

ఇక అందరూ అడిగేది: బిడ్డకు పాలివ్వొచ్చా? ఇవ్వాలి. ‘చెడ్డపాలు’ అని ఒక్కసారిగా ఆపేస్తే పాలు ఇంకా పేరుకుంటాయి. ఆ రొమ్ము నుంచి కూడా తాగించొచ్చు, బిడ్డ నోరు చీముకు, గాయానికి తగలకపోతే చాలు. కోత చనుమొన దగ్గరే ఉంటే మానేదాకా ఆ వైపు చేత్తో పిండుతూ, రెండోవైపు తాగించాలి. పాలలో చీము కనిపిస్తే అవి పారబోయాలి. బిడ్డ నెలలు నిండక పుట్టిందైతే పిల్లల డాక్టరును అడగండి. పిండడం బిగువు తగ్గి హాయిగా ఉండడానికే, రొమ్మును పూర్తిగా ఖాళీ చేయడానికి కాదు. పంపుతో గంటగంటకూ లాగితే పాలు ఇంకా ఎక్కువ ఊరి, వాపు పెరుగుతుంది.

గడ్డ కరుగుతుందని గట్టిగా పిసకడం, సున్నం పసుపు పట్టించడం, వేడి కాపడం పెట్టి చర్మం కాల్చుకోవడం, వీటిలో ఏదీ చీమును తీయదు. పిసికితే వాపు పెరుగుతుంది. నొప్పికి గుడ్డలో చుట్టిన ఐస్ పది పదిహేను నిమిషాలు పెట్టడం మేలు. పాలు తగ్గాలని మల్లెపూలు కట్టే అలవాటు ఉంది. బిడ్డకు పాలు కావాల్సిన తల్లికి అది పనికిరాదు.

మందుల్లో క్లాక్సాసిలిన్ లేదా సెఫాలెక్సిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు, 10 నుంచి 14 రోజులు వాడతారు. పెన్సిలిన్ పడనివారికి క్లిండామైసిన్ వాడొచ్చు, బిడ్డకు విరేచనాలవుతాయేమో చూసుకోవాలి. బిడ్డకు నెల నిండకపోయినా, కామెర్లు ఉన్నా కోట్రైమాక్సజోల్ అనే యాంటిబయాటిక్ వద్దు. నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పాలిచ్చే తల్లికి ఇవ్వొచ్చు. ఏ మాత్రైనా డాక్టరు రాసి ఇచ్చాకే.

తెల్లారేదాకా ఆగకూడని సందర్భాలున్నాయి: వణుకుతో జ్వరం ఆగకపోవడం, గుండె, శ్వాస వేగంగా ఉండడం, తల్లి మత్తుగా పడి ఉండడం, చర్మం నల్లబడి పాకడం. వెంటనే 108 పిలవాలి. షుగర్ ఉన్న తల్లికి ముదరడం ఇంకా త్వరగా జరుగుతుంది.

చీము పూర్తిగా తీశాక కూడా గడ్డ రెండు మూడు వారాలకు కరగకపోతే, మళ్లీమళ్లీ వస్తే మరో కోర్సు యాంటిబయాటిక్ రాయొద్దు. ముక్క తీసి పరీక్షకు పంపాలి, చీముకు టీబీని కనిపెట్టే సీబీనాట్ పరీక్ష చేయించాలి. టీబీకి, కణాలు గుమిగూడి గడ్డకట్టే గ్రాన్యులోమా వాపుకు, క్యాన్సర్‌కు చికిత్సలు వేర్వేరు; పాలిచ్చే వయసులో క్యాన్సర్ అరుదే గానీ, రాదని కాదు.