తుఫానెళ్లిన మూడో ఏడు: ఇంగ్లిష్ పేపర్‌లో నన్ను ముంచిన ‘తర్వాత’

మొదటిసారి గ్రూప్ వన్ మెయిన్స్‌కి తయారవుతున్నప్పుడు ఇంగ్లిష్ పేపర్‌ని నేను పెద్దగా లెక్క చేయలేదు. ఆ మార్కులు ర్యాంకుకి కలవవు, క్వాలిఫై అయితే చాలు కదా అన్న ధీమా. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడికి అంత ధీమా పనికిరాదని, రాజమండ్రిలో రాసిన ఒక టెస్ట్ పేపర్ దిద్ది చేతికిచ్చాక తెలిసింది.

ఐక్యరాజ్య సమితి గురించి ఒక పేజీ రాయమన్నారు. నేను ‘ఆఫ్టర్ ద సెకండ్ వరల్డ్ వార్, ద యూఎన్ చార్టర్ వాజ్ సైన్డ్’ అని మొదలెట్టాను. కింద ‘ఆఫ్టర్ టూ ఇయర్స్ ఇండియా గాట్ ఇండిపెండెన్స్’. ఇంకా కింద ‘సిన్స్ మెనీ ఇయర్స్’. ఒక్క పేజీలో ‘ఆఫ్టర్’ ఏడుసార్లు వచ్చింది. ఏడింటికీ ఎర్ర సున్నాలు చుట్టి, మొదటిదాని పక్కన సారు తెలుగులోనే రాశారు: “ఏ యుద్ధం అయ్యాక? తారీఖులు చూసుకో.”

చూసుకున్నాను. చార్టర్ మీద శాన్‌ఫ్రాన్సిస్కోలో సంతకాలైంది 1945 జూన్ 26న. జర్మనీ మే నెలలోనే లొంగిపోయింది గానీ జపాన్ ఇంకా కొట్లాడుతూనే ఉంది. లొంగిపోతున్నట్టు ఆగస్టు 15న ప్రకటించి, సెప్టెంబర్ 2న సంతకం పెట్టింది. చార్టర్ అమల్లోకి వచ్చింది అక్టోబర్ 24న. అంటే అమల్లోకి రావడం యుద్ధం అయ్యాక, సంతకాలు మాత్రం యుద్ధం అవకముందే. నేను గ్రామర్ తప్పు రాశాననుకున్నాను, తీరా చూస్తే చరిత్రే తప్పు రాశాను. ఇదే వాక్యం హిస్టరీ పేపర్లో పడి ఉంటే అక్కడ పోయే మార్కులు ర్యాంకులోంచి పోయేవి.

అందరూ చేసే పనే నేనూ చేశాను. కాలాన్ని చెప్పే ఫ్రేజులు నలభై దాకా పోగేసి నోట్‌బుక్‌లో రాసుకుని బట్టీ పట్టాను. ‘షార్ట్‌లీ ఆఫ్టర్’, ‘ఇన్ ద వేక్ ఆఫ్’, ‘ఇన్ ద ఆఫ్టర్‌మాత్ ఆఫ్’, ‘విత్‌ఇన్ ఎ డికేడ్ ఆఫ్’... చదువుతున్నంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉండేది. పేపర్ ముందు కూర్చునేసరికి మళ్లీ ‘ఆఫ్టర్’ ఒక్కటే గుర్తొచ్చేది. లిస్టులు బట్టీ పట్టమని సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

దారి ఇంట్లోనే దొరికింది. మాది అమలాపురం దగ్గర పల్లె. ఓ ఆదివారం ఇంటికెళ్లినప్పుడు పక్క తోట ఆయన గట్టు తగాదా మీద మా మామ్మ దగ్గరికి వచ్చాడు. “ఆ గట్టు మీద చెట్లు ఎప్పుడేసినవండి పిన్నిగారూ?” అని అడిగాడు. మామ్మకి సంవత్సరాల అంకెలు రావు. అయినా తడుముకోకుండా చెప్పింది. “తుఫానెళ్లిన మూడో ఏడు మా వాడి పెళ్లి. పెళ్లయిన నెల్లాళ్లకి మొక్కలేశాం. వీడు పుట్టేసరికే నా నడుమెత్తు వచ్చేసినయి. అప్పట్నుంచీ గట్టు అక్కడే ఉంది.” ఆయన “ఆయ్, అలాగేనండి” అని లేచి వెళ్లిపోయాడు.

తుఫానంటే 1996 నవంబర్ 6 రాత్రి వచ్చినది. మా వైపు పెద్దవాళ్లకి కాలమంతా దానికి ముందు, దాని తర్వాత. ఇంకా పెద్దవాళ్లయితే 1986 ఆగస్టు వరద నుంచి లెక్క కడతారు. ఇంగ్లిష్ పుస్తకాల్లో ప్రీవార్, పోస్ట్‌వార్ అంటూ లెక్క కట్టేదీ ఇలాగే. మామ్మ మాటల్లో తుఫాను తీసేసి యుద్ధం పెట్టి చూశాను. ‘ఇన్ ద థర్డ్ ఇయర్ ఆఫ్టర్ ద వార్’, ‘ఎ మంత్ లేటర్’, ‘బై ద టైమ్’, ‘ఎవర్ సిన్స్’. నాలుగు మాటలకి నాలుగు ఫ్రేజులు, ‘ఆఫ్టర్’ వచ్చింది ఒక్కసారే. మామ్మ కూడా ‘తర్వాత’ అనే మాట ఒక్కసారైనా వాడలేదు గమనించండి. ఆ పనంతా ‘ఏడు’, ‘కి’, ‘సరికి’, ‘నుంచి’ చేసేశాయి.

అప్పట్నుంచి వాక్యాన్ని ముందు మామ్మ చెప్పినట్టు మనసులో అనుకుని, చివర ఏ ముక్క వచ్చిందో చూసి ఇంగ్లిష్‌లోకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

‘రెండేళ్లకి’ అని వస్తే, గతంలో ఒక సంఘటన నుంచి లెక్క కడుతున్నాం అన్నమాట, ‘టూ ఇయర్స్ లేటర్’. జపాన్ లొంగుబాటు ప్రకటన 1945 ఆగస్టు 15, మన స్వాతంత్ర్యం 1947 ఆగస్టు 15. సరిగ్గా రెండేళ్లకి, ‘ఎగ్జాక్ట్‌లీ టూ ఇయర్స్ లేటర్’. ఆ సంఘటనని కూడా చెప్పాలంటే ‘టూ ఇయర్స్ ఆఫ్టర్ జపాన్స్ సరెండర్’. ఇక్కడ ‘ఆఫ్టర్’ వెనక ఒక పేరుంది కాబట్టి అది దర్జాగా నిలబడుతుంది. ‘క్రితం’ అని వస్తే జాగ్రత్త. ఇవాళ్టి నుంచి వెనక్కి లెక్కయితేనే ‘ఎగో’. 1945లో నిలబడి 1943 గురించి చెబుతుంటే మనం కూడా ‘అంతకు రెండేళ్ల ముందు’ అంటాం కదా, అది ‘టూ ఇయర్స్ ఎర్లియర్’.

‘కల్లా’, ‘దాకా’ తేడా మీకు పుట్టుకతోనే తెలుసు. ఆరింటికల్లా వచ్చేయ్ అంటే ‘బై’, ఆరింటిదాకా ఉండు అంటే ‘అంటిల్’. ఎర్రర్ స్పాటింగ్‌లో ఈ రెండూ తారుమారు చేసి ఇస్తారు. అక్కడ ఆగిపోకండి, తెలుగులో అనుకుని ముందుకెళ్లండి.

‘సరికి’ వస్తే మాత్రం ఆగాలి. యుద్ధం ముగిసేసరికి సంతకాలు అయిపోయి ఉన్నాయి, ‘బై ద టైమ్ ద వార్ ఎండెడ్, ద చార్టర్ హాడ్ బీన్ సైన్డ్’. తెలుగులో ఆ ‘అయిపోయి ఉన్నాయి’ ఎక్కడుందో ఇంగ్లిష్‌లో ‘హాడ్’ అక్కడుంటుంది. నా మొదటి పేపర్ మొదటి వాక్యం ఇలా ఉండాల్సింది.

అన్నిచోట్లా తెలుగు ఆదుకుంటుందని చెప్పను. ‘నుంచి’ దగ్గర అదే ముంచుతుంది. 1945 నుంచి అంటాం, పదేళ్ల నుంచి అనీ అంటాం, మనకి రెండూ ఒకటే. ‘సిన్స్ టెన్ ఇయర్స్’ అనే తప్పు పుట్టేది ఇక్కడే. దీనికి నేను కనిపెట్టుకున్న చిట్కా ఒకటుంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘పదేళ్లుగా’ కుదిరింది, కాబట్టి ‘ఫర్’. ‘1945గా’ కుదరదు, ‘యుద్ధంగా’ కుదరదు, కాబట్టి ‘సిన్స్’. ఈ చిట్కా పట్టుకున్నాక ఒక్క బిట్ కూడా పోలేదు.

ఇక ‘వేక్’, ‘ఆఫ్టర్‌మాత్’. నిఘంటువులో రెండింటికీ ‘తర్వాత’ అనే ఉంటుంది. పడవ వెళ్తుంటే వెనకాల నీళ్ల మీద పడే చార పేరు వేక్. గోదావరి మీద కోటిపల్లి రేవులో పంటు (మనుషుల్ని, బళ్లని దాటించే పడవ) ఎక్కి ముక్తేశ్వరం వైపు వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగితే కనిపిస్తుందే, అదే. పంటు వెళ్తేనే ఆ చార ఉంటుంది, దాని వెన్నంటే ఉంటుంది. కాబట్టి ఒకదాని వల్ల, దాని వెనకే ఇంకోటి జరిగితే ‘ఇన్ ద వేక్ ఆఫ్’. కార్గిల్ యుద్ధం 1999 జులై 26న ముగిసింది, మూడు రోజులకే కార్గిల్ సమీక్షా కమిటీని వేశారు. ఇక్కడ అది చక్కగా అతుకుతుంది. ‘ఆఫ్టర్‌మాత్’లోని ‘మాత్’ గడ్డికోత. ఒక కోత అయ్యాక మళ్లీ మొలిచే గడ్డిని అలా అనేవారట. మన చేలల్లో వరి కోసేశాక మోళ్లకి వచ్చే పిలకలు గుర్తు తెచ్చుకోండి. ఇప్పుడు మాత్రం ఆ మాట యుద్ధాలు, తుఫాన్లు మిగిల్చిపోయిన కష్టకాలానికే ఎక్కువ వాడుతున్నారు. పెళ్లి తర్వాత, ఎన్నికల్లో గెలిచిన తర్వాత అనడానికి వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. నేను ఒక లెటర్ రైటింగ్‌లో వార్షికోత్సవానికి వాడాను, సారు నవ్వి ఊరుకున్నారు.

ప్రాక్టీసుకి ప్రపంచ యుద్ధాలే అక్కర్లేదు. నేను రోజూ రాసిన పేరా చందుర్తి యుద్ధం. పిఠాపురం దాటితే గొల్లప్రోలు దగ్గర చందుర్తి. 1758 డిసెంబర్‌లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ కర్నల్ ఫోర్డ్ సేన, విజయనగరం ఆనందరాజు అండతో అక్కడ ఫ్రెంచివాళ్లని ఓడించింది. నాలుగు నెలలకి, 1759 ఏప్రిల్‌లో, మచిలీపట్నం కోట పట్టుకుంది. ఇంకో నెలకి దక్కన్ పాలకుడు సలాబత్ జంగ్‌తో ఒప్పందం. యుద్ధమైన ఏడేళ్లలోపే, 1765లో, ఉత్తర సర్కారులని, అంటే ఈ కోస్తా జిల్లాలని, కంపెనీకి ఇస్తూ మొగల్ చక్రవర్తి ఫర్మానా. 1766 చివరికల్లా నిజాం కూడా ఒప్పుకున్నాడు. ‘ఫోర్ మంత్స్ లేటర్’, ‘ఎ మంత్ ఆఫ్టర్ దట్’, ‘విత్‌ఇన్ సెవెన్ ఇయర్స్ ఆఫ్ ద బ్యాటిల్’, ‘బై ద ఎండ్ ఆఫ్ 1766’ అన్నీ ఆరు వాక్యాల్లో వచ్చేస్తాయి. పైగా ఏపీ హిస్టరీ రివిజన్ ఫ్రీ.

రెండో అటెంప్ట్‌లో ఇంగ్లిష్ గట్టెక్కింది. మెయిన్స్ పోయింది, అది వేరే పేపర్ల గొడవ, ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు మళ్లీ చదువుతున్నాను.

మీరూ ఒకటి రాసి చూడండి. 1965 సెప్టెంబర్ 23న పాకిస్తాన్‌తో కాల్పుల విరమణ. 1966 జనవరి 10న తాష్కెంట్ ఒప్పందం. సంతకం చేసిన కొన్ని గంటలకే, ఆ అర్ధరాత్రి దాటాక శాస్త్రి గారి మరణం. నాలుగు వాక్యాలు, ‘ఆఫ్టర్’ ఒక్కసారికి మించకూడదు. నాకు మొదటిసారి మూడుసార్లు వచ్చింది, నిన్న రాస్తే రెండు.