కళ్లం పాకలో దూలానికి సైకిళ్లు

సైకిలు వాడకపోయినా అమ్మబుద్ధి కాదండీ, అదే గొడవ. మా ఇంట్లో అలా మూడు పోగయ్యాయి. నాన్నది 22 అంగుళాల పాతది, రాడ్ బ్రేకులది, వెనక రెండు బస్తాలు వేసినా కిమ్మనదు. మా అక్క కూతురికి హైస్కూల్లో ఇచ్చిన లేడీస్ సైకిలు ఇంకోటి, ఆ పిల్ల బరంపురం హాస్టల్‌కి పోయాక ఇక్కడే ఉండిపోయింది. మూడోది నా గేర్ సైకిలు, దాని సంగతి వదిలేయండి. మూడూ కళ్లం పాకలోనే. కోతలొస్తే వడ్ల బస్తాలకి చోటు కావాలి, నూర్పిడి మిషను లోపలికి రావాలి, సైకిళ్లు బయట పడేస్తే తుప్పు, లోపల ఉంచితే ప్రతివాడి కాలికీ పెడల్ తగిలి తిట్లు. పైన అంత ఖాళీ ఉండగా కింద ఈ గొడవేంటని వాటిని దూలానికి ఎత్తేశాం. ఎలా చేశామని మా బావ ఫోన్లో అడుగుతుంటే చెప్పి చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నా.

మాది పర్లాకిమిడి అవతల వంశధార వైపు పల్లెటూరు, 1936లో రాష్ట్రాల మధ్య గీత గీసినప్పుడు ఒడిశాలో పడ్డాం, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, హార్డ్‌వేర్ షాపులో రెండూ కలిపి. పాకంటే గోడల్లేవు, భూమిలో మూడడుగుల లోతు పాతిన రాటలు, వాటి మీద తాటి దూలాలు, పైన రేకులు. అంతకుముందు తాటాకుల పాకే ఉండేది, 2018 అక్టోబర్ 11 తెల్లారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, తెల్లారి చూస్తే రాటలు నిలబడున్నాయి, కప్పు లేదు. ఆ తర్వాతే రేకులు వేశాం. రాటలు పాతేముందు అడుగు భాగం కాల్చి తారు పూసింది నాన్నే, చెదలు ఇప్పటిదాకా ముట్టలేదు.

అసలు విషయం ఏంటంటే గిలకలూ తాళ్లూ పెద్ద పని కాదు, బరువు ఎక్కడ వేలాడదీస్తున్నాం అన్నదే పని. చాలామంది రేకుల కింద కనపడే ఇనప పైపుకి కొక్కెం తగిలించేస్తారు, అందుతుంది కదా అని. ఆ పైపు రేకుల్ని మొయ్యడానికీ, గాలికి ఎగిరిపోకుండా పట్టుకోడానికీ వేసింది. గోడల్లేని పాకలో గాలి కిందనుంచి దూరి కప్పుని పైకి తంతుంది, అందుకే మన వైపు బోల్టులన్నీ కప్పుని కిందకి పట్టి ఉంచడానికే. మధ్యలో బరువు వేలాడదీస్తే పైపు వంగి రేకు బోల్టు దగ్గర కన్నం పెద్దదవుతుంది, తర్వాత వానొస్తే కారడం మొదలు. వేలాడదియ్యాల్సింది దూలానికి, అదీ రాటకి దగ్గరగా, నట్టనడుమ కాదు.

ఇక తాటి దూలం సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. తాటిచెట్టులో చేవంతా పైపొరలో ఉంటుంది, లోపల మెత్తగా పీచు. టేకుకి తిప్పినట్టు దీనికి స్క్రూ హుక్కు తిప్పితే పైన గట్టిగా దిగినా లోపలికెళ్లాక పట్టు ఉండదు, బరువు ఊగేకొద్దీ వదులవుతుంది. అందుకే మేం కన్నమే పెట్టలేదు, దూలం చుట్టూ గోనె ముక్క చుట్టి దాని మీద గొలుసు రెండు చుట్లు తిప్పి బోల్టు బిగించి, ఆ గొలుసుకి గిలక తగిలించాం. గోనె లేకపోతే గొలుసు ఊగినప్పుడల్లా కోస్తుంది. వెల్డింగ్ లేదు, డ్రిల్లింగ్ లేదు, ఇష్టం లేకపోతే రేపు విప్పేసుకోవచ్చు.

గిలకల్లో పెద్దవి మా వీధి పాడుబడ్డ నుయ్యి దగ్గరివి, బోర్లు వచ్చాక ఎవరికీ అక్కర్లేక తుప్పు పట్టి పడున్నాయి, కిరోసిన్‌తో కడిగి గ్రీజు పెడితే గింగిరాలు తిరుగుతున్నాయి. కొక్కేల దగ్గర ఉండే చిన్నవి మాత్రం కొన్నాం.

లెక్క ఇది. పైన ఒక్క గిలక ఉంటే తాడు దిక్కు మారుతుంది తప్ప బరువు తగ్గదు, నూతిలో చేద తోడినట్టే. అదే తాడు ఒక చివర దూలానికి కట్టేసి, కిందకి తెచ్చి సైకిలు కొక్కేనికున్న గిలకలోంచి పైకి పోనిచ్చి, దూలం గిలక మీదుగా మన చేతికి తెచ్చుకుంటే సగం బరువు దూలమే మోస్తుంది. నాన్న సైకిలు 20 కిలోల చిల్లర ఉంటుంది, అంటే చేతికి పదీ, గిలకల రాపిడితో ఓ పన్నెండు, అమ్మ కూడా లాగేస్తుంది. ఊరికే రాదు మరి, సైకిలు ఆరున్నర అడుగులు లేవాలంటే తాడు 13 అడుగులు లాగాలి. ఇంకోటి, దూలం మీద పడేది 20 కిలోలే అనుకోకండి, కిందకి లాగే మన లాగుడు కూడా దానికి కలుస్తుంది, 30 దాటుతుంది. తాటి దూలానికి అది లెక్కలోది కాదులెండి, పైపుకైతే లెక్కే.

మా వడ్రంగి మావ మాత్రం పట్టు పట్టాడు, "ఒక్క తాడు చాలదేటిరా అల్లుడూ, ముందూ వెనకా ఒకే తాడు తిప్పీసి లాగీ" అని. సరే అని తిప్పి చూపించమన్నాం. లాగితే ముందు చక్రం గాల్లోకి లేచింది, వెనక చక్రం నేలమీదే కూర్చుంది, హ్యాండిల్ దూలానికి తగిలాక గానీ వెనకది కదల్లేదు. ఒకే తాడులో బిగువు అంతటా ఒకటే, చైనూ స్టాండూ క్యారియరూ అన్నీ వెనకే, కాబట్టి తేలిక వైపు ముందు లేస్తుంది. దించేటప్పుడు ఇంకా ఘోరం, వెనక భాగం ముందు దిగిపోయి సైకిలు నిట్టనిలువుగా నిలబడుతుంది. మావ గడ్డం గోక్కుని "దీని బుద్ధి వేరు" అన్నాడు. అందుకని ముందుకో తాడు, వెనక్కో తాడు. రెండూ దూలం వెంట రాట దాకా వచ్చి అక్కడ రెండు గిలకల మీంచి కిందకి దిగుతాయి, సైకిలు నేలమీద ఉండగా రాట గిలక కిందనున్న భాగాన్ని మూరకోసారి రెండు తాళ్లూ కలిపి సుతిలితో కట్టేశాం, ఇంక ఎవరు లాగినా రెండూ సమానంగానే వస్తాయి. ఒక్కో సైకిలుకి ఆరు గిలకలు పడతాయి, అదే ఖర్చు.

కొక్కేలు ఎక్కడ తగిలించాలి అనేది ఒక్కో సైకిలుకి ఒక్కోలా ఉంది. వెనక క్యారియర్ ఉంటే హాయి, దాని ఇనప కడ్డీ గట్టిది. ముందు వైపు రాడ్ బ్రేకుల సైకిలుకి హ్యాండిల్ కింద బ్రేకు కడ్డీ ఉంటుంది, కొక్కెం దాని మీద పడితే వంగిపోయి బ్రేకు పట్టేస్తుంది, అందుకని హ్యాండిల్ నడుమనున్న మెడ దగ్గర వెయ్యాలి. లేడీస్ సైకిలుకి ముందు బుట్ట అడ్డం, ఆ బుట్ట విప్పేశాం, మేనకోడలికి ఇంకా చెప్పలేదు. కొక్కేలకి పాత ట్యూబు ముక్కలు తొడిగాం, పెయింటు గీసుకుపోకుండా. పైకెళ్లాక హ్యాండిల్ అటూ ఇటూ తిరక్కుండా ముందు చక్రాన్ని ఫ్రేముకి ట్యూబు ముక్కతో కట్టాలి, లేకపోతే సైకిలు మొత్తం పక్కకి ఒరుగుతుంది.

లాగేశాక తాడుని రాటకి రెండు చుట్లు తిప్పండి. గరుకు రాట కదా, రాపిడి గుణకం, అంటే తాడుని రాట ఎంత పట్టి ఆపుతుందన్న లెక్క, 0.3 వేసుకున్నా రెండు చుట్లకి చేతికి తగిలేది నలభయ్యో వంతు, వేలితో పట్టుకోవచ్చు. దించేటప్పుడు కూడా ఆ చుట్లు విప్పకుండానే కొంచెం కొంచెం వదిలితే చప్పుడు లేకుండా దిగుతుంది. ఆ మీదట మేకుకి ముడి, ఆ మేకు పిల్లలకి అందని ఎత్తులో.

తాడొక్కటే నమ్ముకోవద్దు. పాకలో వడ్లుంటే ఎలుకలుంటాయి, ఎలుకలుంటే తాడు కొరుకుతాయి, నైలానైనా సరే. అందుకని దూలం నుంచి పొట్టి గొలుసొకటి వేలాడుతుంది, సైకిలు పైకెళ్లాక మామిడికాయలు కోసే దోటితో దాన్ని క్యారియర్‌కి తగిలిస్తాం. నైలాన్ తాడు సాగుతుంది కూడా, రాత్రి కట్టింది పొద్దున్నకి బెత్తెడు కిందకి దిగి ఉంటుంది, గొలుసుంటే ఆ బెంగ లేదు. మనుషులు ఎక్కువ మసిలే చోట కాకుండా బస్తాల వరసకి పైన వేలాడదీస్తే ఇంకా మంచిది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చేవాడి ఎత్తు కూడా చూసుకోండి, మనిషి ఎత్తు కాదు.

తుఫాను కబురొస్తే మాత్రం సైకిళ్లు దించెయ్యాలి. కప్పు ఊగేటప్పుడు దూలానికి ఊగే బరువు ఉండకూడదు, పైగా ఊగిన సైకిలు రాటనే కొడుతుంది. దించి పడుకోబెట్టి రాట మొదటికి కట్టేస్తే చాలు. మాకు అక్టోబరు, నవంబరు నెలల్లో కళ్లం ఎలాగూ ఖాళీయే, వడ్లు ఇంకా చేలోనే ఉంటాయి కాబట్టి ఆ రెండు నెలలూ అసలు ఎత్తం, కోతలప్పుడే పైకి లాగుతాం.