కలిగిరి బస్సులో పెద్దమ్మ కబురు

పెద్దమ్మ సంవత్సరీకానికని సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో కావలి వచ్చి దిగాను. రైలు సంగతి చెప్పడానికేం లేదు, ఎక్కీ ఎక్కగానే నిద్రపోయాను. బస్టాండు దగ్గర టీ 15 రూపాయలు, కప్పు చూస్తే ఉగ్గుగిన్నెంత. కలిగిరి పల్లెవెలుగు ఆగీ ఆగకముందే నిండిపోయింది. ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్ డబ్బుల్లేవు కదా, బస్సంతా వాళ్ళే. పెద్దమ్మ ఉంటే ఎంత సంబరపడేదో! సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో ఊరేగింపులకు నెల్లూరు వెళ్ళాలంటే బస్సు చార్జీలకు ఇంటింటా చందాలు వేసుకునేవాళ్ళు.

నాకు దొరికిన సీటు పక్కన ఒకామె ఒళ్ళో పూలబుట్ట పెట్టుకుని కూర్చుంది. తడిగుడ్డ కింద కనకాంబరాలు. మూర 30 అంది. హైదరాబాదులో మా వీధి చివర 50కి తక్కువ ఇవ్వరు, అవీ సగం వాడినవి.

"ఏ ఊరు నాయనా?"

చెప్పాను.

"కనకాంబరాలక్క ఊరా!"

ఆ పేరు విని చాలా ఏళ్ళయింది. మా పెద్దమ్మే అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పోయిందని తనకి ఆలస్యంగా తెలిసిందట, అక్కడే కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత కలిగిరి దాకా ఆమె చెబుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను.

1992లో ఆమె కొత్త కోడలు. మొగుడి కూలి డబ్బులు సారా ప్యాకెట్లకే సరిపోయేవి. దూబగుంటలో రాత్రిబడిలో చదువుకునే ఆడవాళ్ళు, సారా కొట్టు మూయించిన కథను పాఠంగా చదివి తమ ఊళ్ళోనూ మూయించారన్న కబురు ఊరూరా పాకిన రోజులవి. పెద్దమ్మ నలుగురిని వెంటేసుకుని వీళ్ళ ఊరు వచ్చి, కొట్టు గడప మీదే కూర్చుందట, పూలు కట్టుకుంటూ.

"కాంట్రాక్టరు మనిషి జీపులో వచ్చి లెయ్యమన్నాడు. 'దండ అయినాక పోతాలే నాయనా' అనింది మీ పెద్దమ్మ. దండ అయిపోతానే విప్పేసి మళ్ళా మొదలుపెట్టింది. చీకటి పడేదాకా అంతే. ఆ పొద్దు ఒక్క ప్యాకెట్టు దించలేకపోయినారు."

పెద్దమ్మ మాకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడటం, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం... ఇవి లోకానికంతా తెలిసినవే. 1997లో ఆ నిషేధం ఎత్తేసిన రోజు మాత్రం నాకు గుర్తుంది. పెద్దమ్మ పొయ్యి వెలిగించలేదు. పొద్దుగూకేదాకా పెరట్లో కలుపు తీస్తూనే ఉంది, ఎవరు పిలిచినా పలకలేదు.

ఆ పెరడే ఆమెకు సగం ప్రాణం. కాకర, దొండ పాదులు, గోడవార మునగ, మధ్యలో వరసలు వరసలుగా కనకాంబరం. ఎండిన కంకుల మీద నీళ్ళు పడితే కాయలు టప్ టప్‌మని పేలి గింజలు దూరంగా ఎగిరి పడతాయి. ఆమె చెట్ల కింద పాత చీర పరిచి, చెంబుతో నీళ్ళు చిలకరించేది. గింజలు ఏరడం పిల్లల పని. మొలిచిన నారంతా ఊళ్ళ మీదికే పోయేది. సారా మాన్పించిన ప్రతి ఇంటికీ ఓ పిడికెడు నారు ఇచ్చేదట. మొగుడు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆడదాని కొంగున నాలుగు రూపాయలుండాలని. నా పక్కనున్నామె బుట్టలో పూలూ ఆ నారు తాలూకువే.

కలిగిరిలో మా ఊరికి ఆటో 150 అడిగాడు. మామూలు రోజైతే గొడవపడేవాణ్ణి. ఆ పూట మాట్లాడకుండా ఇద్దరం ఎక్కేశాం. పెద్దమ్మ ఫోటోకు దండ తనే వేస్తానని ఆమె పట్టుబట్టింది మరి.

వదిన పెరడు ఎండనివ్వలేదు. కారు పెట్టుకోవడానికి సిమెంటు చేయిద్దామని అన్నయ్య అంటే ససేమిరా అందట. భోజనాలయ్యాక వదిన కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. బడికి వెళ్ళే దారిలో ఎవరో బెల్టుషాపు తెరిచారు, సోమవారం గ్రీవెన్సులో కలెక్టరుకి అర్జీ ఇవ్వాలి, రాసిపెట్టమంది. రాశాను. పదిమంది దాకా సంతకాలు పెట్టారు, ఇద్దరు వేలిముద్ర వేశారు.

పూలామె తనూ సంతకం పెడతానంది. మీది వేరే ఊరు కదమ్మా అన్నాను.

"మీ పెద్దమ్మది మా ఊరా నాయనా?" అని పెన్ను లాక్కుంది. తర్వాత వదిన వైపు తిరిగి, "సోమవారం ఎన్నింటి బస్సుకి పోతన్నారు?" అని అడిగింది.